కప్పులు గెలిచిన పోలీసు జట్టు

అనంతగిరి గుట్టల్లో మూసీ పుడుతుంది. వికారాబాదు అడవిలో సన్నని వాగుగా మొదలై, హైదరాబాదు నడుమ నుంచి పారుతుంది. తాండూరులో రైలెక్కితే, వికారాబాదు మీదుగా మనమూ హైదరాబాదే పోతాం. కంది పప్పు, నాపరాయి, కూరగాయలు కూడా ఆ దారినే పోతాయి. దవాఖానకు, కూలికి, చుట్టాలింటికి పట్నం పోని మనిషి ఈ ప్రాంతంలో తక్కువ.

పట్నంలో చార్మినార్ ఉన్నదని అందరికీ తెలుసు. గోలకొండ ఉన్నదని తెలుసు. కానీ ఒకప్పుడు ఆ పట్నం ఫుట్‌బాల్ ఆటకు దేశమంతటా పేరుబడ్డదని ఎంతమందికి తెలుసు? అక్కడ ఒక పోలీసు జట్టు ఉండేది. బొంబాయి పోయి గెలిచింది. ఢిల్లీ పోయి గెలిచింది. ఇప్పుడు ఆ జట్టు లేదు.

ఎట్లా పుట్టింది? ఎట్లా గెలిచింది? ఎందుకు పోయింది? ఈ పాఠంలో చదువుదాం.

ఆట గురించి రెండు మాటలు

ఫుట్‌బాల్ అంటే కాలిబంతి. రెండు జట్లు ఉంటాయి. ఒక్కో జట్టులో 11 మంది. బంతిని కాలితో తన్నుకుంటూ పోవాలి. ఎదుటివాళ్ళ గోలులో వేయాలి. చేత్తో ముట్టకూడదు. గోలు ముందు నిలబడి కాపలా కాసే ఒక్క మనిషికే బంతిని చేత్తో పట్టే హక్కు ఉంటుంది. అతన్ని గోల్‌కీపర్ అంటారు.

ఈ ఆటకు ఖర్చు తక్కువ. ఒక బంతి, ఒక మైదానం ఉంటే చాలు. అందుకే ప్రపంచంలో పేదవాళ్ళు ఎక్కువగా ఆడే ఆట ఇది.

జట్టు పుట్టింది

అప్పుడు నిజాం రాజ్యం. 1939లో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు పుట్టింది. ఆడేవాళ్ళు గొప్పింటి బిడ్డలు కారు. మామూలు ఇళ్ళ పిల్లలు. బాగా ఆడే పిల్లవాణ్ణి పోలీసు నౌకరిలోకి తీసుకునేవాళ్ళు. నెలకు జీతం వచ్చేది. ఇల్లు గడిచేది. ఆట సాగేది.

1943లో ఈ జట్టు బెంగళూరు పోయింది. అక్కడ బ్రిటిషు వైమానిక దళం జట్టుతో ఆడింది. అప్పుడు దేశాన్ని ఏలేది బ్రిటిషువాళ్ళే. ఏలేవాళ్ళ జట్టును మన పోలీసులు ఓడించారు. కప్పు హైదరాబాదు వచ్చింది. జట్టు పేరు నలుగురి నోట పడింది.

1948లో నిజాం రాజ్యం పోయింది. హైదరాబాదు భారతదేశంలో కలిసింది. రాజ్యం మారినా జట్టు చెదరలేదు. అసలు గొప్ప కాలం ఆ తర్వాతే మొదలైంది.

బడి పంతులు, ఆట గురువు

ఆ జట్టుకు ఒక గురువు ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. బడి పంతులుగా పనిచేశారు. తర్వాత వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొందారు. అందరూ ఆయన్ని రహీం సాబ్ అనేవాళ్ళు.

1950లో ఆయన పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. కోచ్ అంటే ఆట నేర్పే గురువు. అదే కాలంలో దేశపు జట్టుకూ ఆయనే కోచ్ అయ్యారు. 1963లో కన్నుమూసేదాకా రెండు పనులూ చేశారు.

రహీం సాబ్ ఎట్లా నేర్పేవారు?

అప్పట్లో చాలామంది బంతి దొరికితే తమ దగ్గరే పెట్టుకునేవాళ్ళు. ఒక్కడే ఉరికి, ఒక్కడే గోలు కొట్టాలని ఆశ. రహీం సాబ్ ఆ అలవాటు మాన్పించారు. బంతిని దగ్గర పెట్టుకోవద్దు, పక్కవానికి ఇవ్వు, ఖాళీ జాగాకు ఉరుకు, మళ్ళీ తీసుకో అని నేర్పారు. ఒంటిచేతి ఆట పోయి, అందరి ఆట వచ్చింది.

ఇంకొకటి. మనలో చాలామందికి కుడిచేయి వాటం. రాయాలన్నా, కొడవలి పట్టాలన్నా కుడిచేయే. అట్లాగే ఆటగాళ్ళకు ఒక కాలు వాటంగా ఉంటుంది. రెండో కాలు మొద్దుగా ఉంటుంది. రహీం సాబ్ ఆ మొద్దుకాలుతోనే ఆడించేవారు. వాటమైన కాలితో తన్నకూడదని షరతు పెట్టి పోటీలు జరిపించేవారు. మొదట తడబడేవాళ్ళు. కొన్నాళ్ళకు రెండు కాళ్ళూ సమానమయ్యేవి.

పెద్దయ్యాక పలక పట్టినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. మొదటి రోజు వేలు వణుకుతుంది. గీత వంకర పోతుంది. రాసిన కొద్దీ అక్షరం కుదురుతుంది.

కప్పుల లెక్క

ఆ రోజుల్లో దేశంలో పెద్ద పోటీలు కొన్ని ఉండేవి. బొంబాయిలో రోవర్స్ కప్పు. అది 1891లో మొదలైంది. ఇంకొకటి డ్యూరాండ్ కప్పు. అది 1888లో సిమ్లాలో మొదలై, తర్వాత ఢిల్లీకి వచ్చింది. ఈ కప్పులు గెలవడమంటే దేశంలోని పెద్ద జట్లను ఓడించడమే. కలకత్తా జట్లు, పట్టాళం జట్లు అన్నీ వచ్చేవి.

హైదరాబాదు పోలీసు జట్టు రోవర్స్ కప్పును 1950, 1951, 1952, 1953, 1954 సంవత్సరాల్లో గెలిచింది. అంటే వరసగా 5 ఏండ్లు ఆ కప్పు ఇంకెవరికీ దక్కలేదు. తర్వాత 1957లో గెలిచింది. 1960లో గెలిచింది. 1962లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టుతో కలిసి పంచుకుంది. 1963లో మళ్ళీ గెలిచింది.

డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957, 1961 సంవత్సరాల్లో గెలిచింది. 1950లో కలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించి ఆ కప్పు తెచ్చింది.

ఈ నడుమ రాష్ట్రం పేరు మారింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. జట్టు పేరు కూడా మారింది. 1960 నాటికి దాన్ని ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు అంటున్నారు. పేరు మారినా గురువు ఒక్కరే.

పాత బూట్లు, కిరాయి సైకిలు

సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ అని ఒక ఊరు. అక్కడ తులసీదాస్ బలరాం అనే పిల్లవాడు ఉండేవాడు. పేదింటి పిల్లవాడు. ఆట మీద ప్రాణం. కొత్త బూట్లు కొనే శక్తి లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లు కొని, చెప్పులు కుట్టే అతని చేత ఆటబూట్లుగా కుట్టించుకున్నాడు.

రహీం సాబ్ ఆ పిల్లవాని ఆట చూశారు. హైదరాబాదు వచ్చి తాలీము చేయమన్నారు. రావాలంటే దూరం. చేతిలో పైసలు లేవు. రహీం సాబ్ సైకిలు కిరాయికి పైసలిచ్చారు. పిల్లవాడు రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చి నేర్చుకున్నాడు.

ఆ బలరామే తర్వాత దేశం తరఫున ఆడాడు. 1962లో భారత ప్రభుత్వం అర్జున అవార్డు ఇచ్చింది. 2023లో ఆయన కన్నుమూశారు.

తెలివి ఎక్కడైనా పుడుతుంది. పేదింట్లో పుట్టిన తెలివి పైకి రావాలంటే, ఒక్కోసారి సైకిలు కిరాయి అంత చిన్న సాయం అడ్డం పడుతుంది. ఆ చిన్న సాయం అందితే దారి దొరుకుతుంది.

దేశం కోసం

1951లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. ఆసియా ఖండంలోని దేశాలు పోటీపడే ఆటలవి. ఫుట్‌బాల్ చివరి పోటీలో మన దేశం ఇరాన్‌ను 1-0 గోలుతో ఓడించింది. బంగారు పతకం వచ్చింది. కోచ్ రహీం సాబ్.

1952లో ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకిలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. అక్కడ చలి. మనవాళ్ళు కొందరు బూట్లు లేకుండా ఉత్తకాళ్ళతో ఆడారు. యుగోస్లావియా దేశం మీద 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ దెబ్బతో మన దేశంలో బూట్లు వేసుకుని ఆడాలన్న నియమం వచ్చింది.

1956లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మళ్ళీ ఒలింపిక్ క్రీడలు. ఈసారి జట్టులో హైదరాబాదు వాళ్ళు చాలామంది ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, బలరాం. మనవాళ్ళు ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2 తేడాతో ఓడించారు. చివరికి 4వ స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటిదాకా అంతకంటే పైకి పోలేదు.

1962లో ఇండోనేషియాలోని జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికి రహీం సాబ్‌కు క్యాన్సర్ వ్యాధి ఉంది. అయినా జట్టు వెంట పోయారు. చివరి పోటీ దక్షిణ కొరియాతో. మైదానం కిక్కిరిసి ఉంది. చూడవచ్చిన జనం మనవాళ్ళకు ఎదురుగా అరుస్తున్నారు. మన ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ తలతోనే ఆడాడు, గోలు కొట్టాడు. 2-1 తేడాతో మన దేశం గెలిచింది. హైదరాబాదు పోలీసు జట్టు ఆటగాడు యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులో ఉన్నాడు.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు.

జట్టు ఎందుకు పోయింది?

1963 రోవర్స్ కప్పు తర్వాత రోవర్స్, డ్యూరాండ్ కప్పుల్లో ఏదీ మళ్ళీ పోలీసు జట్టుకు రాలేదు. జట్టు ఒక్కనాటితో పోలేదు. చెరువు ఎండినట్టు మెల్లమెల్లగా తగ్గిపోయింది. కారణాలు ఒక్కటి కాదు.

మొదటిది. గురువు పోయారు. ఆయన స్థానంలో అంతటి గురువు తయారై లేరు. బరువంతా ఒక్క మనిషి భుజం మీద ఉంటే, ఆ మనిషి పోయిననాడు బరువు కింద పడుతుంది.

రెండోది. మంచి ఆటగాళ్ళు కలకత్తా పోయారు. అక్కడి జట్లు ఎక్కువ పైసలిచ్చేవి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు పోయారు. తర్వాత మొహమ్మద్ హబీబ్ కూడా కలకత్తాకే పోయారు. 1977లో ప్రపంచంలోనే పేరున్న బ్రెజిల్ ఆటగాడు పెలే కలకత్తా వచ్చినప్పుడు, ఆయన జట్టు మీద గోలు కొట్టిన ఇద్దరిలో ఒకరు మన హబీబే. పోయినవాళ్ళది తప్పు కాదు. ఇల్లు గడవాలి గదా. పనికోసం మనవాళ్ళు బొంబాయి, పూణే పోవడం లేదా?

మూడోది. ఆటగాళ్ళను చూసి పోలీసు నౌకరిలోకి తీసుకోవడం తగ్గింది. నౌకరి ఆశ లేనప్పుడు పేదింటి పిల్లవాడు ఎన్నాళ్ళు ఆడతాడు? తల్లిదండ్రులు ఎన్నాళ్ళు ఆడనిస్తారు?

నాలుగోది. మైదానాలు తగ్గాయి. పట్నం పెరిగింది. పిల్లలు ఆడిన జాగాల్లో ఇళ్ళు, దుకాణాలు లేచాయి.

అయిదోది. క్రికెట్ వచ్చింది. 1983లో మన దేశం క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచింది. టీవీలు ఇళ్ళకు చేరాయి. పిల్లల చేతికి బ్యాటు వచ్చింది.

తర్వాత 2019లో హైదరాబాద్ ఎఫ్‌సి అని కొత్త జట్టు పుట్టింది.  2022 మార్చిలో దేశంలో పెద్ద పోటీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ జట్టును ఢిల్లీకి మార్చారు. పట్నం జట్టు రెండోసారి పోయింది.

రహీం సాబ్ కథను 2024లో మైదాన్ అనే హిందీ సినిమాగా తీశారు. సినిమా వచ్చేదాకా ఆయన పేరు కొత్త తరంలో చాలామందికి తెలియదు. ఆయన కన్నుమూసి అప్పటికి 60 ఏండ్లు దాటింది.

తల్లీ బిడ్డల మాట

తాండూరు దగ్గర ఒక పల్లె. తల్లి జొన్నరొట్టె కొడుతున్నది. బిడ్డ ఎనిమిదో తరగతి. బడి నుంచి వచ్చింది.

"అమ్మా, బడిలె ఆడపిల్లల జట్టు పెడుతున్నరు. నేను చేరుత."

"ఏం జట్టు బిడ్డా?"

"ఫుట్‌బాల్."

"ఆడపిల్లకు కాలిబంతి ఎందుకే? కాలు విరిగితె ఎట్ల?"

"నీళ్ళు మోస్తె విరగలె. పత్తి ఏరబోతె విరగలె. ఆడితెనే విరుగుతదా?"

తల్లి నవ్వింది. రొట్టె తిప్పేసింది.

"ఆడపిల్లలు ఎవరన్న ఆడుతున్నరా?"

"గుగులోత్ సౌమ్య అని నిజామాబాద్ జిల్లా అక్క ఉన్నది. పల్లెటూరి పిల్లనే. దేశం జట్టుల ఆడింది."

"అట్లనా! మరి మీ నాయన ఏమంటడో."

"నువ్వు చెప్తె నాయన వింటడు. గని అమ్మా, ఆడనీకె జాగ లేదు. బడి వెనక మైదానంల నాపరాళ్ళు పేర్చిన్రు. సగం జాగ అదే. మిగిలిన సగంల పెంటకుప్ప."

"సార్లు చెప్తలేరా?"

"చెప్పిన్రంట. ఎవరు ఇనలె. నువ్వు సంఘంల మాట్లాడు. అందరు కలిసి దరఖాస్తు పెట్టున్రి."

"దరఖాస్తు ఎవరు రాస్తరు?"

"నువ్వే రాయి. ఇప్పుడు రాయనీకె వచ్చె గదా."

తల్లి పొయ్యిలో మంట తగ్గించింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది.

"మైదానం అనేటప్పుడు మ కింద ఏం ఒత్తు ఉంటది?"

"ఒత్తు లేదమ్మా. మై, దా, నం. అంతే."

దరఖాస్తు నమూనా

ఆ తల్లి రాసినట్టే మీరూ రాయవచ్చు. ఖాళీల్లో మీ ఊరి వివరాలు నింపండి.

గౌరవనీయులైన సర్పంచ్ గారికి,
............ గ్రామ పంచాయతీ, ............ మండలం, వికారాబాద్ జిల్లా.

అయ్యా / అమ్మా,
మా ఊరి బడి మైదానంలో ............ వేసి ఉన్నాయి. పిల్లలు ఆడుకోవడానికి జాగా లేదు. ఆడపిల్లలు రోడ్డు మీద ఆడలేరు. కనుక ఆ జాగా ఖాళీ చేయించి, చదును చేయించగలరు. ఈ సంగతి వచ్చే గ్రామసభలో చర్చకు పెట్టగలరు.

తేదీ: ............
ఇట్లు, ............ మహిళా సంఘం సభ్యులు (సంతకాలు)

గుర్తుంచుకోండి. దరఖాస్తు రెండు కాగితాల మీద రాయాలి. ఒకటి ఇవ్వాలి. రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు, కాగితానికి ఉంటుంది.

2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు పెట్టే పని మొదలుపెట్టింది. మీ ఊరిలో ఆ బోర్డు ఉంటే దగ్గరికి పోయి చదవండి. బోర్డు వెనక జాగా ఎట్లా ఉందో చూడండి. అక్కడ పిల్లలు ఆడుతున్నారా? లేక తుమ్మచెట్లు మొలిచాయా?

కొత్త మాటలు

కోచ్: ఆట నేర్పే గురువు.
తాలీము: రోజూ చేసే సాధన.
షరతు: ముందుగా పెట్టుకున్న కట్టుబాటు.
వాటం: అలవాటైన వైపు, అనువైన తీరు.
ఒలింపిక్ క్రీడలు: ప్రపంచ దేశాలన్నీ పోటీపడే ఆటలు. 4 ఏండ్లకు ఒకసారి జరుగుతాయి.

చెప్పండి

1. బాగా ఆడే పేద పిల్లలకు పోలీసు నౌకరి వల్ల ఏం మేలు జరిగింది?
2. మొద్దుకాలుతో ఆడించడం వల్ల ఏం లాభం?
3. బలరాం సైకిలు కిరాయికి పైసలు ఎవరిచ్చారు?
4. జట్టు పోవడానికి 5 కారణాలు చదివారు. అన్నిటికంటే పెద్ద కారణం ఏది? ఎందుకు?
5. మీ సంఘంలో లెక్కలు ఎంతమందికి తెలుసు? ఒక్కరికేనా? ఆమె ఊరు విడిచిపోతే సంఘం పుస్తకం ఎవరు రాస్తారు?

లెక్క చేయండి

1. పాఠంలో రోవర్స్ కప్పు గెలిచిన సంవత్సరాలు వరసగా రాయండి. ఎన్ని? (9)
2. డ్యూరాండ్ కప్పు గెలిచిన సంవత్సరాలు రాయండి. ఎన్ని? (4)
3. రెండూ కలిపితే ఎన్ని కప్పులు? (13)
4. ఒకే ఏడాది రెండు కప్పులూ గెలిచిన సంవత్సరాలు ఏవి? (1950, 1954, 1957)
5. రహీం సాబ్ 1909లో పుట్టారు. 1963లో కన్నుమూశారు. ఎన్నేండ్లు బతికారు? (ఆయన పుట్టింది ఆగస్టు, పోయింది జూన్. జాగ్రత్తగా లెక్క చేయండి. 53 ఏండ్లు నిండాయి.)

రాయండి

మీ ఊరిలో ఒకప్పుడు కబడ్డీ జట్టు ఉండేదా? కోలాటం జట్టు ఉండేదా? భజన మండలి, బతుకమ్మ పాటలు కట్టే ముసలమ్మలు ఉండేవాళ్ళా? పెద్దవాళ్ళను అడగండి. ఎవరెవరు ఉన్నారు, ఎవరు నేర్పారు, ఎప్పుడు ఆగిపోయింది అని తెలుసుకోండి. ఆ పేర్లు మీ నోటుపుస్తకంలో రాయండి. ఆడవాళ్ళ పేర్లు చెప్పేటప్పుడు ఫలానావాని పెండ్లాం, ఫలానావాని తల్లి అంటే ఒప్పుకోవద్దు. ఆమె సొంత పేరు అడిగి రాయండి.

వచ్చే వారం కేంద్రంలో ఒక్కొక్కరు నిలబడి చదివి వినిపించండి.